రెండో కన్ను

పోయినవారం మనం చూపు పరీక్ష గది గుమ్మం దగ్గర ఆగాం. కంటి ఆస్పత్రి వ్యాన్ నడిపే పెద్దన్నకి ఆ పొద్దున కుడికంట్లో పైనుంచి నల్లటి తెర దిగడం మొదలైంది. కంటి లోపలి గోడకి అంటుకుని ఉండాల్సిన పల్చటి పొర, రెటీనా, చిరిగి ఊడిపోతోంది. మధ్యాహ్నమే ఆపరేషన్ చేస్తానంది డాక్టరమ్మ. థియేటర్ సిద్ధమైంది. కేసు కాగితంలో ఒకే ఒక్క గడి ఖాళీగా మిగిలింది. ఎడమకంటి చూపు ఎంత? అది నింపుకురమ్మని పెద్దన్నని పంపిస్తే, చూపు పరీక్షించే అద్దాల మాస్టారు రొప్పుకుంటూ వచ్చి ఒక మాట చెప్పాడు.

"మేడమ్, మీరొకసారి రావాలి. ఈయన బోర్డు మీద లేని అక్షరాలు చదువుతున్నాడు."

డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది.

గదికి ఉన్న ఒక్క కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. ఎదురుగోడ మీద వెలుగుతున్న బోర్డు తప్ప అంతా మసకచీకటి. ఈ చివర కుర్చీలో పెద్దన్న. కుడికంటి మీద దూది ప్యాడ్, దాని మీద అడ్డంగా టేపు. ఆస్పత్రి గౌను తొడిగారు. రోజూ చొక్కా జేబులో తాళాలు గలగలలాడించే మనిషి, జేబులేని ఆ గౌనులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ చదవండి పెద్దన్నా."

"చదివాను కదమ్మా. మాస్టారికి చెవుడు మొదలైనట్టుంది."

"నాకోసం చదవండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. పైన గుమ్మడికాయంత అక్షరం దగ్గర్నుంచి అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల దాకా గడగడా చదివేశాడు. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. బళ్ళో ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా చివరి అక్షరం దగ్గర కాస్త రాగం కూడా తీశాడు.

డాక్టరమ్మ బోర్డు వంక చూసింది. దాని మీద ఒక్క అక్షరం లేదు. ఉన్నవన్నీ అంకెలు.

పాత అక్షరాల బోర్డు వెలిసిపోయిందని మాస్టారు ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటే, ఈ వారమే కొత్తది వచ్చింది. చదువు రానివాళ్ళకి కూడా అంకెలు వస్తాయని ఆయనే పట్టుబట్టి అంకెల బోర్డు తెప్పించుకున్నాడు.

"ఏడాదికోసారి ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి, ఫిట్ అని సంతకం పెట్టింది నేను," అన్నాడు మాస్టారు. "నీకు కొత్తగా పరీక్షేంటి పెద్దన్నా అని నవ్వుకుంటూ పెట్టాను. నువ్వూ నవ్వావు కదరా!"

పెద్దన్న నవ్వలేదు. ప్యాడ్ లేని ఎడమకన్ను గోడవైపు తిరిగి ఉంది. చక్కటి కన్ను. నల్లగా, తేటగా, కడిగిన ముత్యంలా ఉంది.

"మాస్టారూ, మీరు కాసేపు బయట ఉండండి," అంది డాక్టరమ్మ.

తలుపు మూసుకుంది. ఆమె తన తలకి దీపం కట్టుకుని, చేతిలో కటకం పట్టుకుని ఆ ఎడమకంట్లోకి వంగింది. పొద్దున్నుంచి ఆ కంట్లోకి ఆమె చూడటం ఇదే మొదటిసారి. రెండు కళ్ళూ చూడకుండా ఏ రోగినీ బల్ల ఎక్కించకూడదని పాఠం చెప్పే మనిషి. కానీ వచ్చింది పెద్దన్న. దిగుతున్నది నల్లతెర. కుడికన్ను చూసి ఆపరేషన్‌కి పరుగు పెట్టించింది. ఎడమకన్ను బాగుందని జూనియర్ రాసేశాడు. వాడూ చూడలేదు. మన పెద్దన్నే కదా అనుకున్నాడు. ఇంతమంది కంటి డాక్టర్లున్న ఆస్పత్రిలో ఆ మనిషి కంట్లోకి ఎవరూ చూడలేదు.

కంటి అడుగున నరం మొదలు కనిపించింది. ఆరోగ్యంగా ఉంటే అది పండిన నారింజ రంగులో ఉంటుంది. ఇది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఎప్పుడో, ఏళ్ళకిందటే చచ్చిపోయిన నరం.

ఆమె దీపం ఆర్పింది.

"ఎప్పట్నుంచి?"

"మీసం కూడా సరిగ్గా రాకముందు నుంచమ్మా." ఆయన గొంతు మామూలుగానే ఉంది. చాలాకాలంగా ఈ జవాబు సిద్ధంగా పెట్టుకున్నట్టుంది. "అప్పుడు లారీ క్లీనర్ని. లోడు మీద తాడు బిగిస్తుంటే జారాను. కనుబొమ్మకి ఇనప కొక్కెం తగిలింది. వాపు తగ్గింది, చూపు రాలేదు. కన్ను మాత్రం ఎక్కడా గీత పడలేదు. అద్దంలో చూసుకుంటే నాకే అనుమానం వచ్చేది, ఇది నిజంగానే పోయిందా అని."

"ఇంట్లో?"

"మా ఆవిడ పోయేదాకా ఆవిడకీ తెలీదు. ఎప్పుడూ నా ఎడమపక్క నడవనిచ్చేవాణ్ణి కాదు. ఆ పక్క మనిషి ఉన్నట్టు తెలిసేది కాదు మరి. దానికే అలిగేది పిచ్చిది, నన్ను కూడా పక్కకి నెడతావేంటయ్యా అని."

డాక్టరమ్మకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఆ వ్యాన్ ప్రయాణాలు గుర్తొచ్చాయి. పదేళ్ళుగా ఈయన వ్యాన్‌లోనే తిరిగింది. వర్షంలో, పొగమంచులో, చనిపోయినవాళ్ళు దానమిచ్చిన కళ్ళని ఐసుపెట్టెలో ఒళ్ళో పెట్టుకుని, త్వరగా పోనివ్వండి పెద్దన్నా అని తొందరపెడుతూ.

"కుడికంట్లో తెర ఇవాళ దిగింది. అంతకు ముందేమీ కనిపించలేదా? మెరుపులు? నల్లచుక్కలు?"

ఆయన వేళ్ళతో గౌను అంచు నలిపాడు.

"పెద్దన్నా."

"కనిపించాయమ్మా. గేటు దగ్గర ఆ యాక్సిడెంట్ అయినప్పుడు నుదురు స్టీరింగ్‌కి కొట్టుకుంది కదా. ఆ మర్నాటి నుంచే. ఓ మూల తళుక్కుమనేది. దోమలు తిరుగుతున్నట్టు చుక్కలు."

"ఆరోజే చెబితే లేజర్‌తో చిరుగు చుట్టూ అతికేసేదాన్ని! కుర్చీలో కూర్చోబెట్టి! టీ తాగి డ్యూటీకి వెళ్ళిపోయేవారు!"

"చెబితే రెండో కన్ను కూడా చూస్తారు కదమ్మా."

అప్పుడు తగిలింది ఆమెకి. ఆయన ఇప్పుడన్న మాట కాదు. ఇందాకటి, గేటు దగ్గర యాక్సిడెంట్ అన్న మాట.

ఆ సాయంత్రం వ్యాన్‌లో డ్రైవర్ పక్క సీట్లో ఉన్నది తనే. వ్యాన్ ఎడమవైపు ఆస్పత్రి గేటులోకి తిరుగుతోంది. ఎడమపక్క నుంచి మోటార్ సైకిల్ వచ్చింది. కీచుమన్న శబ్దం, తర్వాత రేకు నలిగిన శబ్దం. బండి మీద ఉన్నది థియేటర్ సిస్టర్ భర్త. డ్యూటీ దిగే భార్యని ఇంటికి తీసుకెళ్ళడానికి వస్తున్న వడ్రంగి. మోకాలు పొడిపొడి అయింది. కర్ర ఊతం లేకుండా మంచం దిగలేడు. ఇక బల్ల ముందు నిలబడి రంపం పట్టేదెప్పుడో ఎముకల డాక్టరు కూడా చెప్పడం లేదు.

పోలీసులు అడిగారు. ఆమె చెప్పింది. "మా డ్రైవర్ ఎడమవైపు చూశాకే బండి తిప్పాడు. నేను కళ్ళారా చూశాను."

అబద్ధం కాదు. ఆయన చూపు ఎడమవైపు తిరగడం ఆమె చూసింది. ఆ నల్లటి, తేటైన, కడిగిన ముత్యంలాంటి కన్ను తన వైపుకి, తనను దాటి రోడ్డు వైపుకి తిరగడం చూసింది. తప్పు మోటార్ సైకిల్ నడిపినవాడిదేనని కేసు తేలిపోయింది.

"ఆయన మీకు కనబడలేదు," అంది డాక్టరమ్మ.

"తల పూర్తిగా తిప్పుంటే కనబడేవాడమ్మా. ఎప్పుడూ తిప్పేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా మెడ అరిగిపోయేలా తిప్పాను. ఆరోజు మీరేదో అడిగితే జవాబు చెబుతూ..." ఆయన ఆగాడు. "మీది తప్పని కాదు."

గది బయట చక్రాల మంచం ఆగిన చప్పుడైంది. మాస్టారు ఎవరితోనో అంటున్నాడు, ఇంకా పరీక్ష అవలేదు, ఆగు బాబూ అని.

పెద్దన్న చెయ్యి చాచి గాలిలో వెతికాడు. డాక్టరమ్మ తెల్లకోటు అంచు దొరికింది.

"మన సిస్టర్ చెల్లెమ్మకి చెప్పకండి. ఇప్పుడే చెప్పకండి. నా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది కూడా తనే. ఇంకెవరున్నారని. పొద్దున్నే టిఫిన్ డబ్బాతో సహా వచ్చేసింది, అన్నా భయపడకు నేను లోపలే ఉంటానుగా అని. ఆపరేషన్ అయ్యాక నేనే చెబుతాను. నా నోటితో నేనే చెబుతాను."

"ఆపరేషన్‌లో నా పక్కన నిలబడేది ఆవిడే."

"తెలుసు. అందుకే అంటున్నాను."

డాక్టరమ్మ కోటు అంచు విడిపించుకోలేదు. ముందు చెయ్యాల్సిన పని గురించి ఆలోచించడానికి ప్రయత్నించింది. ఒక గంట కిందట ఇది మామూలు కేసు. ఒక కన్ను బాగాలేకపోతే రెండో కంటితో లోకం నడుస్తుంది. ఇప్పుడు అలా కాదు. చెయ్యి ఒక వెంట్రుక వాసి తప్పితే ఈ మనిషి మిగిలిన జీవితమంతా చీకటే.

"వినండి," అంది. "రెటీనాని గోడకి అతికించాక, అది మళ్ళీ ఊడకుండా లోపల్నుంచి నొక్కి పట్టుకోవడానికి ఏదో ఒకటి నింపాలి. మీకు గ్యాస్ నింపుదామనుకున్నాను. అది దానంతటదే కరిగిపోతుంది. కానీ అది కరిగేదాకా ఆ కంటికి ఏమీ కనబడదు. రెండో కన్ను ఉంది కదా అని ధైర్యం. ఇప్పుడు నూనె నింపుతాను. మసకమసగ్గా అయినా మనిషి ఆనవాలు తెలుస్తుంది. గోడ పట్టుకోకుండా నడవచ్చు. తర్వాత మళ్ళీ ఇంకో ఆపరేషన్ చేసి ఆ నూనె తీసెయ్యాలి."

"ఇన్నేళ్ళూ వ్యాన్‌కి ఆయిల్ మార్పించాను," అన్నాడు పెద్దన్న. "ఇప్పుడు నాకు పోస్తారన్నమాట."

ఆమెకి నవ్వు రాలేదు. ఆయన కూడా దాని కోసం ఎదురుచూడలేదు.

"చూపు నిలబడుతుందా అమ్మా?"

"పొర ఇంకా చూపు నడిబొడ్డు దాకా ఊడలేదు. ఇప్పుడు దాని అంచు దగ్గర వేలాడుతోంది. అక్కడ ఆగి ఉండగానే అతికిస్తే నిలబడుతుంది. అందుకే కదలకండి, తల ఎత్తకండి, దగ్గకండి."

"నిలబడితే మళ్ళీ..."

"స్టీరింగ్ మాట ఎత్తారంటే ఇక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను."

ఆయన తల దించుకున్నాడు.

*

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర సిస్టర్ అప్పటికే మోచేతుల దాకా సబ్బు నురగతో ఉంది. డాక్టరమ్మ పక్క కుళాయి తిప్పింది. గాజు అద్దం అవతల థియేటర్‌లో పెద్దన్నని బల్ల మీదకి మారుస్తున్నారు.

సిస్టర్ తప్ప వేరే మనిషి దొరుకుతుందేమోనని డాక్టరమ్మ ఈలోపే విచారించింది. రెటీనా పనిముట్లు తెలిసిన రెండో నర్సు పురిటి సెలవులో ఉంది. మిగిలినవాళ్ళకి శుక్లం ఆపరేషన్లు తప్ప తెలియవు. ఈ కంటికి కొత్త చేతులతో పని చెయ్యడం కుదరదు.

"ఏంటి మేడమ్, మాస్టారు మొహం అలా పెట్టుకుని తిరుగుతున్నాడు? కొత్త బోర్డు పగిలిపోయిందా?"

"లేదు. బానే ఉంది."

"అన్న భయపడుతున్నాడా? మొండోడు మేడమ్. చుక్కలు కనిపిస్తున్నాయని ఒక్కముక్క చెప్పాడా నాతో? రెండ్రోజులకోసారి ఇంటికొస్తాడు. మా ఆయనకి గడ్డం గీస్తాడు, కబుర్లు చెబుతాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటాడు. నాకే ఎదురు ఓదార్చాల్సి వస్తుంది, నీ తప్పేముందన్నా, ఈయనగారు గాల్లో తేలుతూ వచ్చాడు కాబట్టి జరిగింది అని."

డాక్టరమ్మ బ్రష్‌తో గోళ్ళు రుద్దుకుంటూనే ఉంది. గోళ్ళు ఎప్పుడో శుభ్రపడ్డాయి.

"ఇవాళ కూడా తిట్టే వచ్చాను," అంది సిస్టర్. "నేను మెల్లగానే వచ్చాను, వ్యానే నా మీదకి తిరిగింది అంటాడు. ఇప్పటికీ అదే పాట! డాక్టరమ్మ అబద్ధం చెబుతుందా, అన్న అబద్ధం చెబుతాడా, నువ్వొక్కడివే సత్యసంధుడివా అని అడిగాను. అటువైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి అన్నం పెట్టి వచ్చాను, తిన్నాడో లేదో."

"సిస్టర్..."

"చెప్పండి మేడమ్."

నీళ్ళు పారుతున్నాయి. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెబితే, ఈ చేతులే కాసేపట్లో ఆయన కంటి మీదకి కత్తి అందించాలి. చెప్పకపోతే, ఆ చేతుల్నే మోసం చేసి పని చేయించుకున్నట్టు.

"గ్యాస్ వద్దు. నూనె తీసి పెట్టండి."

సిస్టర్ చేతులు ఒక్కక్షణం ఆగాయి.

"నూనెనా? పైభాగం చిరుగేగా మేడమ్. ఎప్పుడూ గ్యాసే కదా?"

"నూనె."

"సరే మేడమ్."

ఆమె మోచేత్తో కుళాయి కట్టేసి, తడిచేతులు పైకెత్తుకుని తలుపుని వీపుతో తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.

*

ఆ థియేటర్‌లో ఒక నియమం ఉంది. పెట్టింది డాక్టరమ్మే. కత్తి కంటికి తాకే ముందు అందరూ చేతిలో పని ఆపాలి. సిస్టర్ పైకి వినబడేలా ప్రశ్నలు అడగాలి. డాక్టర్ అంతే గట్టిగా జవాబు చెప్పాలి. జవాబు రాని ప్రశ్న ఒక్కటున్నా సిస్టర్ కత్తి అందించకూడదు. ఎంత పెద్ద డాక్టరైనా సరే. వేరే ఊళ్ళ నుంచి పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి డాక్టరమ్మ ఈ ముచ్చట గొప్పగా చెప్పుకునేది.

పెద్దన్న ముఖం మొత్తం నీలం గుడ్డ కింద ఉంది. గుడ్డకున్న రంధ్రంలో ఒక్క కుడికన్ను తప్ప ఏమీ కనబడటం లేదు. పూర్తి మత్తుకి ఆయన గుండె ఒప్పుకోదని మత్తు డాక్టరు చెప్పాడు కాబట్టి మనిషి మెలకువగానే ఉన్నాడు. కంటికి మాత్రం మొద్దుబారే మందు. అది కూడా సూదితో కాదు. మొన లేని సన్నటి గొట్టంతో కంటి పక్కనుంచి మెల్లగా పంపించింది డాక్టరమ్మ. ఉన్న ఒక్క కంటి వెనక సూది గుచ్చే సాహసం ఆమె చెయ్యలేదు.

"అందరూ ఆపండి," అంది సిస్టర్. "పేషెంట్?"

"మన పెద్దన్న."

"ఏ కన్ను?"

"కుడి."

"ఏం ఆపరేషన్?"

"రెటీనా అతికించడం. లోపల నూనె."

"రెండో కన్ను చూపు?"

రోజూ అడిగే ప్రశ్నే. రోజూ వచ్చే జవాబే సిస్టర్ చెవిలో అప్పటికే వినబడి ఉంటుంది. బాగుంది అనడమే తరువాయి, కత్తి అందించడానికి చెయ్యి సగం లేచింది.

డాక్టరమ్మ నోరు తెరిచింది. బాగుంది అనొచ్చు. మూడక్షరాలు, అంతే. గదిలో ఉన్నవాళ్ళెవరూ అడ్డు చెప్పరు. కానీ ఆ ప్రశ్న పెట్టింది ఇలాంటి కంటి కోసమే. ఉన్నది ఒకటే అని తెలిస్తే గదిలో ప్రతి చెయ్యీ ఇంకొంచెం జాగ్రత్తగా కదులుతుందని. అబద్ధం చెప్పి ఈ కంట్లోకి కత్తి దింపడం తనవల్ల కాదు.

"లేదు," అంది.

"మేడమ్?"

"రెండో కంటికి చూపు లేదు. ఎడమకన్ను. ఇది ఒంటికన్ను ఆపరేషన్. అందరూ గుర్తుపెట్టుకోండి."

మత్తు డాక్టరు మిషన్ మీంచి తలెత్తి చూశాడు. గుడ్డ కింద పెద్దన్న చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

సిస్టర్ మాస్క్ పైన కళ్ళు రెండూ డాక్టరమ్మ మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో ఏముందో డాక్టరమ్మకి అర్థం కాలేదు. కంటి గురించి తెలియని రహస్యం లేదనుకునే మనిషి ఆ రెండు కళ్ళలో ఏమీ చదవలేకపోయింది.

"ఎడమకన్ను లేదు," అని తిరిగి చెప్పింది సిస్టర్. నియమం ప్రకారం అలాగే తిరిగి చెప్పాలి. "సరే మేడమ్. మొదలుపెట్టండి."

కత్తి వచ్చి అరచేతిలో పడింది.

డాక్టరమ్మ మైక్రోస్కోప్‌లో తల పెట్టింది. ఇక లోకమంతా రూపాయి బిళ్ళంత వెలుగు. కంటి తెల్లగుడ్డులో మూడు చోట్ల సన్నని దారులు. ఒకదాన్లోంచి నీరు. ఒకదాన్లోంచి ఎడమచేతిలో దీపం. ఇంకోదాన్లోంచి కుడిచేతిలో కట్టర్. లోపల రెటీనా కనిపించింది. గాలికి ఆరేసిన పల్చటి చీరలా పైనుంచి కిందకి జీరాడుతూ, చూపు నడిబొడ్డుకి గోరంత దూరంలో అల్లాడుతోంది. ఇంకా దాన్ని తాకలేదు. సమయం ఉంది.

కంటి నిండా ఉన్న జిగురుని కొంచెం కొంచెంగా కత్తిరించి పీల్చేసింది. చిరుగు దగ్గర పొరని పట్టుకు లాగుతున్న జిగురు పోగులు ఒక్కొక్కటీ తెంపింది. అడిగింది అడిగినట్టు చేతికి వస్తూనే ఉంది. ఆలస్యం లేదు. సరైన పనిముట్టు, సరైన వైపు. మామూలుగా అయితే ఈపాటికి సిస్టర్ ఏదో ఒకటి అంటుంది. అన్నా, నీ కంట్లో వ్యాన్ సామానేమైనా దొరికితే ఇచ్చేస్తాంలే అనో, ఇంకేదో. ఈరోజు ఒక్క మాట లేదు.

తెలిసిపోయిందా? ఎడమ అన్న మాట ఆవిడకి కూడా అక్కడే తగిలిందా? లేకపోతే అయ్యో అన్న అని బాధపడుతోందా? తల ఎత్తి చూడాలనిపించింది డాక్టరమ్మకి. తల ఎత్తడానికి లేదు.

"గాలి," అంది.

నీరు ఆగి కంట్లోకి గాలి వచ్చింది. పొర కింద చేరిన నీటిని చిరుగులోంచే తోడేస్తుంటే, అల్లాడుతున్న రెటీనా మెల్లగా, మడత విప్పిన పక్కదుప్పటిలా, గోడకి ఆనుకుంటూ వచ్చింది. ముడత లేదు. నడిబొడ్డు భద్రంగా ఉంది.

ఇక చిరుగు చుట్టూ లేజర్‌తో కాల్చి అతుకు వెయ్యాలి. అది పడేదాకా రెటీనా గోడకి ఆనుకుందే కానీ, అంటుకోలేదు. ఆ తర్వాతే నూనె.

సరిగ్గా అప్పుడు సిస్టర్ నోరు విప్పింది. డాక్టరమ్మతో కాదు.

"అన్నా."

"సిస్టర్, తర్వాత," అంది డాక్టరమ్మ.

"ఒక్కటే మాట మేడమ్. అన్నా, ఎడమకన్ను ఎప్పట్నుంచి లేదు?"

"పెద్దన్నా, మాట్లాడకండి. తల కదులుతుంది."

మత్తు డాక్టరు మిషన్‌లో గుండె చప్పుడు జోరందుకుంది. టిక్కు టిక్కుమనేది టకటకా కొట్టుకుంటోంది.

"తల కదపనమ్మా," అన్నాడు పెద్దన్న. పెదవులు మాత్రం కదిపి మాట్లాడుతున్నట్టు గొంతు సన్నగా వచ్చింది. "మీ ఆయన్ని గుద్దిన రోజుకి చాలా ముందునుంచే చెల్లెమ్మా. ఆయన మెల్లగానే వచ్చుంటాడు. నాకే కనబడలేదు."

డాక్టరమ్మ కళ్ళు మైక్రోస్కోప్‌లోనే ఉన్నాయి. ఎడమచేతిలోని దీపం మొన ఆ కంటి లోపల, అప్పుడే ఆనుకున్న పొరకి పిసరంత ఎడంలో ఉంది. తల తిప్పితే చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే ఆ దీపం మొనే ఆ పొరని చీలుస్తుంది. ఆమె కుడిచెయ్యి పక్కకి చాచింది.

"లేజర్."

చేతిలో ఏమీ పడలేదు.

"సిస్టర్. లేజర్."

"ఎడమవైపు చూశాకే తిప్పాడన్నారు మీరు," అంది సిస్టర్ గొంతు. అరుపు కాదు. ఏడుపు కాదు. ప్రశ్నలు అడిగేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, అందరికీ వినబడేలా ఉంది. "కళ్ళారా చూశానన్నారు మేడమ్. నేను ఇంటికెళ్ళి మా ఆయనకి అదే చెప్పాను. రోజూ చెప్పాను."

"అవును, అన్నాను. నేను జవాబు చెబుతాను. ఇది అయ్యాక మీరు ఏమడిగితే దానికి. ముందు ఇది అతకాలి."

ఇనప ట్రేలో ఏదో పెట్టిన చిన్న చప్పుడు. తర్వాత నేలమీద రబ్బరు చెప్పుల చప్పుడు. ఒక అడుగు. అది బల్ల వైపుకి పడిందో, తలుపు వైపుకి పడిందో, కంట్లో కన్ను పెట్టి నిలబడ్డ డాక్టరమ్మకి తెలియలేదు.

చాచిన చెయ్యి అలాగే ఉంది. ఖాళీగా.